ఎద తప్పింది, చూలు నిలిచిందనుకున్నాం, మళ్లీ ఎదకొచ్చింది: మాయలో (ప్లాసెంటా) జన్యువుల సంగతి ఎవరైనా చెప్పండి

మహేంద్రతనయ_రైతు:
మాది పర్లాకిమిడి పక్క పల్లె. రెండు జెర్సీ క్రాస్ ఆవులు, ఒక గేదె. పెద్దావుకి ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాం. మూడు వారాలకి ఎద రాలేదు, చూలు నిలిచిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నెల దాటి నాలుగైదు రోజులయ్యేసరికి తెల్లారుజామున ఒకటే అరుపు, తోక కింద జిగురు తీగలు. పూర్తి ఎద. కిందటేడూ ఇదే ఆవు ఇలాగే చేసింది. సూది వేసే ఆయన వచ్చి చూసి "పిండం పట్టింది, మాయ కట్టుకోలేదు" అని ఇంకో సూది వేసి వెళ్లిపోయాడు. నాన్న దిష్టి అంటున్నాడు. పాతపట్నంలో మా చెల్లెలింట్లో అదే ఆంబోతు స్ట్రాతో (వీర్యం నింపిన సన్న గొట్టం) కట్టిన ఆవుకి ఇప్పుడు అయిదో నెల.

ఫోన్లో చదివితే, మాయలో జన్యువులు సరైన రోజుకి పని మొదలుపెట్టకపోతే చూలు నిలవదని ఉంది. ఏ రోజు ఏం చెయ్యాలో ఆ మాయకి ఎవరు చెబుతారు? తప్పు ఆవుదా, వీర్యానిదా, మా మేపుదా? అర్థమయ్యేలా రాయండి. పాల డబ్బులతోనే పిల్ల ఫీజు కట్టాలి, ఊసుపోక అడుగుతున్నది కాదు.

గుణుపురం_బావ:
ముందు ఆవు మెడలో ఓ నల్లతాడు కట్టేసి మీ నాన్నగారిని స్థిమితపరచండి. జన్యువుల సంగతి గరివిడి డాక్టరు గారు వచ్చి చెబుతారు.

బాహుదా_ఇచ్ఛాపురం:
ఇందులో జన్యువులేటున్నాయి? జెర్సీలకి మన ఎండ పడదు, అంతే. మా చిన్నప్పుడు నాటావులు ఏడాదికో ఈత ఈనేవి. ఎవరూ సూది వెయ్యలేదు, ఎవరూ మాయ గురించి ఫోన్లో చదవలేదు.

రాయగడ_డెయిరీ:
బాహుదా గారూ, ఏడాదికో ఈత ఎక్కడండీ? మా దగ్గర నాటావు ఈతకీ ఈతకీ మధ్య ఏడాదిన్నర తక్కువ ఉండేది కాదు. అప్పుడు ఎవరూ లెక్క రాసుకోలేదు కాబట్టి పోయిన చూళ్లు ఎవరికీ తెలియలేదు.

గరివిడి_వెట్:
మహేంద్రతనయ గారూ, మీరు చెప్పిన రోజుల్లోనే సగం జవాబు ఉంది. కాస్త పొడుగ్గా రాస్తాను.

మాయ ఆవుది అనుకుంటాం. దాని ఎక్కువ భాగం దూడది. సూది వేసిన ఏడో రోజుకి పిండం కంటికి సరిగా ఆననంత చిన్నది, అప్పటికే అందులో రెండు రకాల కణాలు వేరుపడతాయి. లోపలి గుంపు దూడ అవుతుంది, బయటి పొర మాయ అవుతుంది. రెండింటిలోనూ జన్యువులు అవే. ఏవి పనిచేస్తాయి, ఏవి మూతపడి ఉంటాయి అన్నదే తేడా.

ఆ బయటి పొర రెండో వారం దాటాక గబగబా పొడవు సాగుతుంది. 16-17 రోజుల వేళకి అది ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌ని బాగా వదులుతుంది. గర్భసంచికి పిండం ఉందన్న కబురు అందేది దానివల్లే. ఆ కబురు అందకపోతే గర్భసంచి పొరలో ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ని పట్టుకునే గ్రాహకాలు పెరుగుతాయి, ప్రోస్టాగ్లాండిన్ అనే ఇంకో రసాయనం వస్తుంది, అండం విడుదలయ్యాక అండాశయం మీద ఏర్పడే కార్పస్ లూటియం అనే గడ్డ కరిగిపోతుంది, 21వ రోజుకి ఆవు మళ్లీ ఎదకొస్తుంది. కబురు అందితే కార్పస్ లూటియం నిలుస్తుంది, దాన్నుంచి చూలుని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్ వస్తూనే ఉంటుంది.

మామూలుగా ఇంటర్‌ఫెరాన్లు వైరస్ సోకినప్పుడు పుడతాయి. ఇది వైరస్‌తో పని లేకుండా పిండం వయసుని బట్టి వస్తుంది, నెమరువేసే జంతువుల్లోనే ఉంది. 1987లో గొర్రె పిండాల మీద చేసిన పనిలో ఇది ఇంటర్‌ఫెరాన్ కుటుంబానిదని తేలింది.

దానికి రోజు ఎవరు చెబుతారని కదా మీ ప్రశ్న. ప్రతి జన్యువుకీ ముందు ఒక నియంత్రణ భాగం ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్ టౌ జన్యువు ముందు ఈటీఎస్2, సీడీఎక్స్2 అనే ప్రోటీన్లు వచ్చి అతుక్కుంటే అది పనిచేస్తుంది. దూడ అయ్యే లోపలి గుంపులో ఆక్ట్4 అనే ఇంకో ప్రోటీన్ ఉంటుంది, అది ఈటీఎస్2ని పట్టుకుని ఆ పని సాగనివ్వదు. అందుకే కబురు బయటి పొర నుంచే వస్తుంది. మాయ గర్భసంచికి అతుక్కోవడం మొదలయ్యాక, అంటే 20వ రోజు దాటాక, సీడీఎక్స్2 తగ్గిపోతుంది, ఇంటర్‌ఫెరాన్ టౌ కూడా ఆగిపోతుంది. కార్పస్ లూటియంని కాపాడే ఆ మొదటి పని అప్పటికి అయిపోయింది.

మీ ఆవుకి 21వ రోజు ఎద తప్పింది. అంటే కబురు చేరింది. పోయింది ఆ తర్వాత, అతుక్కుని మాయ కట్టుకునే దశలో. అక్కడ పనిచేసే జన్యువులు వేరు.

బాహుదా_ఇచ్ఛాపురం:
ఎద తప్పిందో, వీళ్లు చూడలేదో! రాత్రిపూట ఎద వచ్చి పోతే ఎవరికి తెలుసు?

గరివిడి_వెట్:
మంచి ప్రశ్న. చూడకుండా పోయిన ఎద అయితే తర్వాతది 42వ రోజు అటూ ఇటూ రావాలి. ఈయన నెల దాటి నాలుగైదు రోజులకే అంటున్నారు. 21 రోజుల లెక్కకి కుదరకుండా మధ్యలో వచ్చిందంటే పిండం పోయిందనే ఎక్కువ అనుమానం.

మహేంద్రతనయ_రైతు:
రాత్రి పదింటికి ఒకసారి, తెల్లారి పాలు తీసేముందు ఒకసారి నేనే చూస్తాను. 21వ రోజుకి అటూ ఇటూ ఏమీ లేదు. ఆ తర్వాతి దశలో ఏం జరుగుతుందో చెప్పండి డాక్టరు గారూ.

గరివిడి_వెట్:
ఆవు గర్భసంచి లోపల 70 నుంచి 120 దాకా బొడిపెలు ఉంటాయి, పుట్టుకతో వచ్చినవే. దూడ వైపు పొర సరిగ్గా వాటి ఎదురుగా వేళ్లలాంటి మొలకలు వేసి, గుండీ కాజాలోకి దూరినట్టు దూరి పట్టుకుంటుంది. దూడకి తిండీ గాలీ అందేదంతా ఆ జోడుల దగ్గరే.

ఆ పొరలో రెండు కేంద్రకాలున్న పెద్ద కణాలు పుడతాయి, మొత్తంలో అయిదో వంతుకు దగ్గరగా. ఇవి నడుచుకుంటూ వెళ్లి తల్లి వైపు కణంతో కలిసిపోతాయి. లోపల నింపుకున్న సరుకును అలా తల్లి రక్తంలోకి చేరుస్తాయి. ఆ సరుకులో ముఖ్యమైనవి రెండు. ఒకటి ప్లాసెంటల్ లాక్టోజన్ అనే హార్మోన్. రెండోది పీఏజీ అని పిలిచే ప్రోటీన్లు. పీఏజీ జన్యువులు ఆవులో ఇరవైకి పైగా ఉన్నాయి, అన్నీ ఒకేసారి పనిచేయవు. కొన్ని మొదట్లో, కొన్ని ఈత దగ్గరపడ్డాక, కొన్ని పొర అంతటా, కొన్ని ఆ పెద్ద కణాల్లోనే. 2009లో ఆవు జన్యుపటం మొత్తం వచ్చినప్పుడు ఇలా మాయకి సంబంధించిన కుటుంబాలు ఆవులో ప్రత్యేకంగా పెరిగి ఉన్నాయని కనపడింది.

పాతపట్నం_పద్మ:
ఆ పీఏజీ రక్తంలోకి వస్తుందంటే, రక్తం తీసి చూలు తెలుసుకోవచ్చా? మా ఊళ్లో ఒకాయన చెయ్యి పెట్టి చూస్తానని ప్రతి పది రోజులకీ వచ్చేవాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉండేది.

గరివిడి_వెట్:
తెలుసుకోవచ్చమ్మా. 28 రోజులు దాటాక రక్తంలో పీఏజీ తెలుస్తుంది, పాలల్లో చూసే పరీక్షలూ వచ్చాయి, అమెరికా, యూరప్ డెయిరీల్లో మామూలైపోయింది. ఒక జాగ్రత్త ఉంది. పిండం పోయినా పీఏజీ వెంటనే మాయమవదు, ఈనిన తర్వాత కూడా వారాల తరబడి ఉంటుంది. కాబట్టి ఒక్కసారి ఉందనగానే నిశ్చింతగా కూర్చోకూడదు, తర్వాత మళ్లీ చూపించుకోవాలి. ఇక పది రోజులకోసారి చెయ్యి పెట్టడం అనవసరం. ఒకసారి సరిగ్గా, నెమ్మదిగా చూస్తే చాలు.

గుణుపురం_బావ:
పద్మగారూ, ఆయన ఆవుని చూడడానికి వచ్చేవాడో మీ ఇంట్లో టీ కోసం వచ్చేవాడో.

పాతపట్నం_పద్మ:
టీ ఒక్కటే అయితే బాధ లేదు బావగారూ, ప్రతిసారీ ఫీజు కూడా.

జీన్_పిచ్చి_బరంపురం:
వీర్యం తప్పా అన్న ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. నేను జువాలజీ చదివాను, నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించే భాగం ఇదే.

దూడకి ప్రతి జన్యువూ రెండు ప్రతులు వస్తాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. చాలావాటిలో రెండూ పనిచేస్తాయి. కొన్ని జన్యువుల్లో మాత్రం ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్న గుర్తు డీఎన్‌ఏ మీదే ఉంటుంది, మిథైల్ అనే చిన్న రసాయన ముద్ర. ఆ ముద్రను బట్టి ఒక ప్రతి మూతపడి ఉంటుంది. ఐజీఎఫ్2 అనే ఎదుగుదల జన్యువులో తండ్రి ప్రతే పనిచేస్తుంది. దాన్ని అదుపు చేసే ఐజీఎఫ్2ఆర్‌లో తల్లి ప్రతి. ఇలాంటి జన్యువులు ఎక్కువగా పనిచేసే చోటు మాయ.

1984లో ఎలుకల మీద కేంబ్రిడ్జిలో అజీమ్ సురానీ బృందం, అమెరికాలో మెక్‌గ్రాత్, సోల్టర్ విడివిడిగా ప్రయోగాలు చేశారు. పిండంలో రెండు ప్రతులూ తల్లివే పెడితే పిండం కొంత పెరిగింది, మాయ సరిగా రాలేదు. రెండూ తండ్రివే పెడితే మాయ పొరలు వచ్చాయి, పిండం ఎదగలేదు. మాయ కట్టడంలో తండ్రి వంతు ఎంత ఉందో దాన్నిబట్టే అర్థమవుతుంది.

మహేంద్రతనయ_రైతు:
అంటే వీర్యానిదే తప్పు అనుకోవచ్చా?

జీన్_పిచ్చి_బరంపురం:
ఆంబోతుని బట్టి పీఏజీ స్థాయిలోనూ, నెల దాటాక పోయే చూళ్లలోనూ తేడా ఉంటుందని అధ్యయనాలు ఉన్నాయి. తండ్రి ప్రభావం నిజమే.

గరివిడి_వెట్:
అంత తొందరగా ఆంబోతు మీద వేసేయకండి. అదే స్ట్రాతో చెల్లెలుగారి ఆవుకి అయిదో నెల అన్నారు కదా. ఒకే ఆంబోతు అయినా ప్రతి వీర్యకణంలో జన్యువుల కలయిక వేరు. చాలా పిండాలు క్రోమోజోముల లోపంతో పోతాయి, అది ఎవరి తప్పూ కాదు. కానీ ఒకే ఆవుకి రెండో ఏడూ అదే వయసులో పోయిందంటే ముందు ఆవునే పరీక్షించాలి. గర్భసంచిలో పాత ఇన్‌ఫెక్షన్, ప్రొజెస్టెరాన్ తక్కువ, ఐబీఆర్, బీవీడీ లాంటి వైరస్‌లు, ఇవన్నీ మాయ కట్టే దశని దెబ్బతీసేవే.

రాయగడ_డెయిరీ:
మళ్లీ ఎద కనపడగానే ఇంకో సూది వేసేశారన్నది నాకు నచ్చలేదు. చూలు ఉండగా కూడా కొన్ని ఆవులు ఎద చూపిస్తాయి. లోపల చూలు ఉంటే ఆ సూదితోనే పోవచ్చు. ముందు చూసి వెయ్యాలి.

గరివిడి_వెట్:
నూటికి నూరుపాళ్లు నిజం.

కొరాపుట్_మంద:
మా దగ్గర మంద గేదెలు. వాటికీ మాయ ఇదే తీరా?

గరివిడి_వెట్:
బొడిపెలూ, రెండు కేంద్రకాల కణాలూ గేదెలోనూ ఉన్నాయి. రోజులు తేడా. ఆవుకి ఇంచుమించు 280 రోజులు, గేదెకి 305 నుంచి 310. గేదెలో ఎద సరిగా కనపడదు కాబట్టి పోయిన చూళ్లు ఇంకా తక్కువగా తెలుస్తాయి.

జీన్_పిచ్చి_బరంపురం:
ఇంకోటి చెప్పాలి. ఆ పెద్ద కణాలు తల్లి కణంతో కలిసిపోతాయన్నారు కదా. ఆ కలిపే ప్రోటీన్లు ఒకప్పుడు వైరస్‌ల నుంచి వచ్చినవి. కోట్ల ఏళ్ల కిందట ఆవుల పూర్వీకుల వీర్యంలోకో అండంలోకో చేరిన రెట్రోవైరస్ జన్యువులు అలాగే వంశంలో ఉండిపోయాయి. ఫెమాట్రిన్-1, సిన్సిటిన్-రమ్1 అని 2013లో వాటిని గుర్తించారు. వైరస్ కణంలోకి దూరడానికి వాడిన ప్రోటీన్‌నే మాయ తన పనికి వాడుకుంటోంది.

పాతపట్నం_పద్మ:
అమ్మో, వైరస్ అంటే పాలకి ఏమైనా ప్రమాదమా?

జీన్_పిచ్చి_బరంపురం:
ఏమీ లేదండీ. అది ఇప్పుడు ఆవు సొంత జన్యువు, ఎవరికీ సోకదు. మనుషుల మాయలోనూ ఇలాంటివి వేరేవి ఉన్నాయి.

బాహుదా_ఇచ్ఛాపురం:
ఇదంతా బాగానే ఉంది. ఎండ సంగతి మాత్రం ఎవరూ ఎత్తట్లేదు. వైశాఖంలో రేకుల షెడ్డు కింద ఏ ఆవూ నిలవదు.

గరివిడి_వెట్:
ఎండ సంగతి మీరు మొదట చెప్పినప్పుడే ఒప్పుకోవలసింది ఉంది. సూది వేసిన మొదటి వారంలో ఒంటి వేడి పెరిగితే పిండం తట్టుకోలేదు. చివరి మూడు నెలల్లో ఎండ దెబ్బ తగిలితే మాయ చిన్నదవుతుంది, దూడ బరువు తగ్గుతుంది, ఈనాక పాలూ తగ్గుతాయి. మాయ ముందు పెరుగుతుంది, దూడ బరువులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లో చేరుతుంది. గ్లూకోజును దాటించే ప్రోటీన్ల జన్యువులు ఆ అవసరానికి తగ్గట్టు పనిచేయాలి. రేకుల మీద ఎండుగడ్డి పరిచినా వేడి తగ్గుతుంది.

నాటు జాతులు ఎండని బాగా తట్టుకుంటాయన్నదీ నిజమే. గంజాంలో ఘుముసరి, మల్కనగిరిలో మోటు జాతి అందుకే నిలిచాయి. జెర్సీ క్రాస్ అంటే అసలు పనికిరాదని మాత్రం నేను ఒప్పుకోను.

పాతపట్నం_పద్మ:
నాది ఇంకో బాధ. మా ఎర్రావు కిందటి ఈతలో దూడని వేసింది గానీ మాయ పడలేదు. పొద్దుగూకేదాకా వేలాడుతూనే ఉంది. మా అత్తగారు దానికి పాత చెప్పు కట్టారు, బరువుకి జారుతుందని. ఇంకొకాయన వెదురాకు పెట్టమన్నాడు. మర్నాటికి వాసన, మూడో రోజుకి జ్వరం. పాలు సగానికి పడిపోయాయి. అసలు మాయ ఎందుకు పడదు?

గుణుపురం_బావ:
మాకూ చెప్పే కట్టేవారు. రెండో కాలి చెప్పు ఎక్కడుందని తాతగారు వెతుక్కునేవారు.

గరివిడి_వెట్:
పద్మమ్మా, ఇది కూడా జన్యువుల లెక్కే. ఈత రోజు దగ్గరపడగానే దూడ ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది మాయలో సీవైపీ17 అనే ఎంజైము జన్యువుని లేపుతుంది, ఈస్ట్రోజన్ పెరుగుతుంది. అంటే ఈనే రోజుని చాలావరకు దూడే నిర్ణయిస్తుంది. ఆ వేళకి రెండు కేంద్రకాల కణాల సంఖ్య పడిపోతుంది, బొడిపెల పట్టు సడలుతుంది.

రెండో సంగతి, తల్లి ఒంటికి మాయ సగం పరాయిది. తొలి నెలల్లో పరాయిదని గుర్తుపట్టే ఎంహెచ్‌సీ జన్యువులు మాయ పైపొరలో అణగి ఉంటాయి, లేకపోతే తల్లి రోగనిరోధక శక్తి దాన్ని తోసేస్తుంది. నెలలు నిండాక అవి కొన్నిచోట్ల పైకి వస్తాయి. అప్పుడు తల్లి తెల్లకణాలు వచ్చి పట్టు విడిపించడంలో సాయపడతాయి. తల్లీ దూడా ఆ జన్యువుల్లో మరీ ఒకేలా ఉంటే మాయ నిలిచిపోయే అవకాశం ఎక్కువని చూశారు. మందలో దగ్గరి చుట్టరికం ఉన్న ఆంబోతు వద్దనడానికి ఇదొక కారణం.

సెలీనియం, విటమిన్ ఇ తక్కువైనా, కాల్షియం పడిపోయినా, కవలలైనా, నెలలు నిండకుండా ఈనినా, చూళ్లు పోగొట్టే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా ఉన్నా మాయ పడకుండా నిలిచిపోతుంది.

చెప్పు కట్టొద్దు, చేత్తో లాగొద్దు. లాగితే బొడిపెలు చిరిగి లోపల పుండు పడుతుంది, తర్వాతి చూలు నిలవదు. 12 గంటలు దాటితే డాక్టరుకి చెప్పండి. జ్వరం లేకపోతే చాలాసార్లు కుళ్లి తనంతట పడిపోతుంది. జ్వరం వస్తే మందు తప్పదు.

పాతపట్నం_పద్మ:
మాయ పడేదాకా దూడకి పాలు తాగించకూడదని మా వైపు గట్టిగా అంటారు.

గరివిడి_వెట్:
ఆ ఒక్క మాట వల్ల పోయే దూడలు చాలా ఉన్నాయమ్మా. ఆవు మాయ గుండా రోగనిరోధక యాంటీబాడీలు దూడకి దాటవు. మనుషుల్లో దాటుతాయి, ఆవుల్లో దాటవు, మాయ కట్టుబడే అలాంటిది. పుట్టిన దూడకి ఉన్న రక్షణంతా ముర్రుపాలే. మొదటి గంట రెండు గంటల్లో తాగించాలి. ఆలస్యమయ్యేకొద్దీ పేగు వాటిని లోపలికి తీసుకోదు. పైగా దూడ కుడిస్తే ఆక్సిటోసిన్ వచ్చి గర్భసంచి ముడుచుకుంటుంది.

రాయగడ_డెయిరీ:
ఇది పైన అతికించి పెట్టండి ఎవరైనా. మా వీధిలో ఇప్పటికీ ముర్రుపాలు పారబోసేవాళ్లున్నారు.

కొరాపుట్_మంద:
పారబోయడం ఎందుకు, జున్ను వండుకోవచ్చు కదా.

రాయగడ_డెయిరీ:
దూడ తాగాక మిగిలితే వండుకోండి!

మహేంద్రతనయ_రైతు:
తిత్లీ తుఫానుకి, 2018 అక్టోబరులో, మా వైపు షెడ్లు ఎగిరిపోయి చూలావులు రాత్రంతా వానలో ఉండిపోయాయి. ఆ తర్వాత నెలల్లో మా వీధిలో చాలా ఆవులు చూలు పోయి ఈసుకుపోయాయి. అప్పటినుంచీ చూలు అంటే నాకు భయమే. డాక్టరు గారూ, ఇప్పుడు నేను వరసగా ఏం చెయ్యాలి?

గరివిడి_వెట్:
మొన్న వేసిన సూదికి ఎద రాకపోతే, 35-40 రోజులకి స్కానింగ్ గానీ చెయ్యి పరీక్ష గానీ చేయించండి. ఎద వస్తే ఆ ఎదకి సూది వేయించకుండా ముందు గర్భసంచి చూపించండి, తీగలు మబ్బుగా ఉన్నాయో తేటగా ఉన్నాయో గమనించి చెప్పండి. రక్తం తీయించి బ్రూసెల్లా, ఐబీఆర్ చూపించండి. అవి బాగుంటే తర్వాతి ఎదకి వేరే ఆంబోతు స్ట్రా వేయించండి. ఖనిజ లవణ మిశ్రమం రోజూ పెట్టండి, ఈనబోయే ముందు మాత్రమే కాదు.

పెయ్యదూడలు ఉంటే నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు బ్రూసెల్లా టీకా వేయించండి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద అది ఉచితం. కోడెదూడలకి వెయ్యరు.

జీన్_పిచ్చి_బరంపురం:
ఫలితాలు వచ్చాక ఇక్కడే పెట్టండి. ఏ ఆంబోతు, ఎన్నో రోజున పోయిందన్నది రాసి ఉంచితే మిగతావాళ్లకీ పనికొస్తుంది.

మహేంద్రతనయ_రైతు:
పెడతాను. చెల్లెలింటి ఆవు ఈనాక మాయని ఏం చెయ్యాలో కూడా చెప్పండి. మా వైపు చెరువుగట్టున పడేస్తారు, కుక్కలు లాక్కుపోతాయి.

గరివిడి_వెట్:
చెరువు దగ్గర వద్దు. బ్రూసెల్లా ఉన్న ఆవు అయితే ఆ మాయ నిండా క్రిములే, కుక్కలు ఊరంతా పంచిపెడతాయి, మనుషులకీ ఆ జ్వరం వస్తుంది. చేతికి గ్లౌజులు లేకపోతే ప్లాస్టిక్ సంచి అయినా తొడుక్కుని, పూర్తిగా పడిందో లేదో పరిచి చూడండి. ముదురు ఎరుపు బొడిపెలు అంతటా ఉండాలి, ఎక్కడైనా చిరిగి ముక్క తగ్గితే అది లోపలే ఉండిపోయిందని అర్థం, అది డాక్టరుకి చెప్పాలి. తర్వాత లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

పాతపట్నం_పద్మ:
సున్నం ఎంత?

గరివిడి_వెట్:
కింద ఒక పొర, పైన ఒక పొర. కుక్క తవ్వనంత లోతు ఉంటే చాలు.